కవులు లేరన్న చోట పేర్లు రాసిన పత్రికలు
మన మండలంలో కవులెందరు? ఈ లెక్క ఎవరి దగ్గరుంది?

(మా విలేకరి)

కిందటేడు సెప్టెంబరు మొదటి వారంలో హైస్కూలు తెలుగు మాస్టారు ఒకరు నన్ను వెదుక్కుంటూ బస్టాండు హోటలు దగ్గరికి వచ్చారు. తొమ్మిదో తారీఖు కాళోజీ జయంతి. తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు బడిలో మన మండలపు కవులను పిలిచి శాలువా కప్పాలని వారి ఆలోచన. ‘‘మీరు ఊరూరా తిరిగే మనిషి. మన మండలంలో కవులెవరెవరున్నారో జాబితా రాసివ్వండి’’ అని అడిగారు.

నేను అక్కడే బల్ల మీద కాగితం పెట్టి రాశాను. మూడు పేర్లు వచ్చాయి. ఒకరు రిటైరైన పంతులు గారు. మరొకరు పట్నంలో స్థిరపడి పుస్తకం వేసుకున్నవారు. మూడోవారు సభల్లో పాటలు పాడే యువకుడు. నాలుగో పేరు కోసం పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. ‘‘ఇంతేనండీ, మనది వెనకబడిన ప్రాంతం కదా’’ అన్నాను. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ఏమీ అనలేదు గానీ, ‘‘పదహారు ఊళ్లకు ముగ్గురేనా?’’ అన్నట్టు చూశారు.

ఇంటికి పోయే దారిలో నాకు నాలుగో పేరు గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగో పేరు

ఆయన మా పక్క ఊరి పెద్దాయన. ఎనభై దాటిన మనిషి. మగ్గం మీద బతికినవాడు. చదువు వానాకాలపు చదువే. కానీ కందం, సీసం చెప్పగలడు. ఊరి గుట్ట మీది దేవుడి మీద శతకం రాశాడు. చెరువు తెగిన సంవత్సరం దాని మీద పాట కట్టాడు. ఎవరింట పెండ్లి జరిగినా పంచరత్నాలు రాసిచ్చేవాడు. ఆ రోజుల్లో గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేయించి, పెండ్లి పందిట్లో చదివి పంచేవారు. నడివయసు దాటిన పాఠకులకు ఈ ముచ్చట తెలియంది కాదు.

నేను పత్రికలో చేరిన కొత్తలో ఆయన మూడుసార్లు నా దగ్గరికి వచ్చాడు. చంకలో బట్ట సంచి, దాంట్లో అట్టలు ఊడిన నోటు పుస్తకాలు. ‘‘ఏం లేదు బిడ్డా, నా పేరు ఒక్కసారి అచ్చుల జూసుకుంటె చాలు’’ అన్నాడు. ‘‘చూస్త తాతా’’ అన్నాను. మొదటిసారి పంపితే డెస్కులో స్థలం లేదన్నారు. రెండోసారి ఎన్నికల హడావుడి. మూడోసారి నేను పంపనే లేదు. లైను అకౌంటు మీద బతికే విలేకరికి పద్యం వార్త కాదు. రోడ్డు ప్రమాదం వార్త, గొడవ వార్త, మంత్రి గారి పర్యటన వార్త. దాన్నిబట్టే నెల తిరిగేసరికి చేతికి వచ్చేది.

ఆయన పోయినప్పుడు నాలుగు లైన్లు రాశాను. ‘వృద్ధుడి మృతి’ అని శీర్షిక. కవి అన్న మాట అందులో లేదు. ఆయన పేరు అచ్చులో పడటం అదే మొదలు, అదే చివర.

జాబితా రాసిచ్చిన మరునాడు పొద్దున్నే వాళ్ల ఇంటికి పోయాను. కొడుకు మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నోటు పుస్తకాల సంగతి అడిగితే తల దించుకున్నాడు. ‘‘ఇల్లు సున్నం ఏసేటప్పుడు పాత పేపర్లతోటి కలిసి పోయినయి సార్. పాత సామాన్లాయనకు కిలోల లెక్కన ఏసినం. మాకు చదువు రాకపాయె. అవి ఏందో మాకేం తెలుసు?’’ అన్నాడు.

తప్పు ఆయనది కాదు. చదువు వచ్చిన నేను మూడుసార్లు చేతిలో పట్టుకుని కూడా ఒక్క పద్యం ఎత్తి రాసుకోలేదు.

తొంభై ఏళ్ల కిందటి మాట

‘మనది వెనకబడిన ప్రాంతం, ఇక్కడ కవులు లేరు’ అని నేను అనేసిన మాట కొత్తది కాదు. తొంభై ఏళ్ల కిందట తెలంగాణ మొత్తాన్ని పట్టుకుని ఇదే మాట అన్నారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఒక వ్యాసం అచ్చయింది. పూజ్యమంటే సున్నా అని కూడా అర్థం ఉంది కదా. పోతన పుట్టిన బమ్మెర, సోమనాథుడు పుట్టిన పాలకుర్తి ఉన్న గడ్డ మీద కవులు సున్నా అన్న మాట చాలా మందికి గుచ్చుకుంది.

కోపం వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఆ కోపాన్ని పనిగా మార్చినవాడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన 1896లో పుట్టారు. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు ఆయన స్వగ్రామం. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వచ్చి, వకీలు పని కంటె పత్రిక పనే మేలనుకున్నారు. 1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకుడూ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే, అవసరమైతే గుమాస్తా పనీ ఆయనదే.

ఆయన ఆ వ్యాసానికి జవాబుగా ఘాటైన సంపాదకీయం రాసి ఊరుకుంటే, వారం తిరగ్గానే జనం మరచిపోయేవారు. ఆయన చేసింది వేరు. కవులున్నారా లేరా అన్న వాదం పెట్టుకోకుండా, ఉన్నవారి పేర్లు సేకరించడానికి పూనుకున్నారు. ఊళ్ల నుంచి వివరాలు, పద్యాలు తెప్పించారు. సంస్థానాల పండితుల నుంచి పల్లెటూరి పంతుళ్ల దాకా అందరూ స్పందించారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. అందులోకి ఎక్కిన కవుల సంఖ్య 354.

ఆ అంకె చాలు. దాని తర్వాత మళ్లీ ఎవరూ సున్నా అనలేదు.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. ఆ 354 మందిలో అందరూ మహాకవులేమీ కారు. ఎక్కువ మంది పేర్లు ఈనాడు పండితులకు కూడా తెలియవు. గుడి పూజారులు, బడి పంతుళ్లు, ఊళ్లో పద్యం చెప్పగలరని పేరున్నవారు ఇలాంటి సంచికలోకి ఎక్కుతారు. మంచి కవి ఎవరు, మామూలు కవి ఎవరు అని తేల్చే పని తర్వాతి వారికి వదిలిపెట్టి, ముందు పేరు పోకుండా చూశారు. పేరే లేకపోతే తేల్చడానికి ఏముంటుంది?

లేరనిపించింది ఎందుకు?

కవులు ఉండి కూడా లేరనిపించడానికి కారణాలున్నాయి. నైజాం రాజ్యంలో జనంలో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగే అయినా, కచేరీ భాష ఉర్దూ. పై చదువులూ ఉర్దూలోనే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగు చదువుకున్నవాడికి కొలువు లేదు. తెలుగు పుస్తకం అచ్చు వేసే ప్రెస్సులూ తక్కువే. కవిత్వం తాళపత్రాల్లో, దస్తరాల్లో, నోళ్లలో ఉండిపోయింది.

పోషించినవారు లేకపోలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవులను ఆదరించాయి. తిరుపతి వేంకట కవుల వంటి ఉద్దండులు కూడా ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు పొందారు. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరే ఉంది. అయితే సంస్థానం గడప దాటి ఆ కవిత్వం జనంలోకి రావాలంటే అచ్చు కావాలి, పత్రిక కావాలి, గ్రంథాలయం కావాలి.

ఆ దారి వేసినవారిని తలచుకోవాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దానికి మూలపురుషులు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. గ్రంథాలయం పెట్టుకోవడమే ఒక ఉద్యమంగా సాగిన రోజులవి.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షులు. అక్కడ అల్లంపల్లి వెంకట రామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే కొందరు అల్లరి చేసి కూర్చోబెట్టారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న రాజ్యంలో, రాజధాని నగరంలో, తెలుగు మాట నవ్వులపాలైంది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మరుసటి ఏడే రెండు తెలుగు పత్రికలు తలెత్తాయి. ఆ రెండూ రాజధానిలో పుట్టినవి కావు. ఒకటి నల్లగొండలో, మరొకటి మన ఇనుగుర్తిలో.

ఇనుగుర్తిలో అచ్చుయంత్రం

ఇనుగుర్తి ఈనాడు మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. నిన్నమొన్నటి వరకూ కేసముద్రం మండలంలోని ఊరు. బస్సులో కూర్చుని ఆ ఊరి మీదుగా పోయేవారిలో ఎంతమందికి తెలుసో గానీ, 1922 ఆగస్టులో ఆ పల్లె నుంచి ‘తెనుగు’ అనే వారపత్రిక వెలువడింది. నడిపినవారు ఒద్దిరాజు సోదరులు. అన్న సీతారామచంద్రరావు, తమ్ముడు రాఘవరంగారావు.

వీరు బడికి పోయి పట్టాలు పొందినవారు కారు. ఇంట్లోనే చదువుకుని సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు సహా అనేక భాషలు నేర్చారు. విజ్ఞాన ప్రచారిణి గ్రంథమాల పేరిట పుస్తకాలు వేశారు. రుద్రమదేవి మీద చారిత్రక నవల వెలువరించారు. తర్వాత ఊళ్లోనే ప్రెస్సు పెట్టి పత్రికకు పూనుకున్నారు.

ప్రెస్సు పని చూడనివారికి అందులోని కష్టం తెలియదు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చాలి. తెలుగుకు గుణింతాలు, వత్తులు ఉండటంతో ఇంగ్లీషు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ అచ్చులు కావాలి. ఒక పేజీ కూర్చడానికి పూట గడిచిపోతుంది. అచ్చు తీశాక ఆ అక్షరాలన్నీ విప్పి మళ్లీ ఏ గూట్లోది ఆ గూట్లో వేయాలి. కరెంటు లేని పల్లెలో ఈ పనంతా చేసుకుంటూ, రాసేదీ వారే, కూర్చేదీ వారే, ముద్రించేదీ వారే, చుట్టి పంపేదీ వారే. ఈనాడు సెల్‌ఫోను మీద వేలితో నొక్కి వార్త పంపే మావంటి వారు ఒక్కసారి ఆ ఊరి దిక్కు తిరిగి దండం పెట్టాలి.

అదే నెలలో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ పత్రిక మొదలుపెట్టారు. నల్లకొండకు పాత పేరే నీలగిరి. రెండు పత్రికలూ బహుకాలం సాగలేదు. చందాదారులు తక్కువ, ఖర్చు ఎక్కువ, పైన సర్కారు కన్ను. అయినా పల్లె నుంచి కూడా పత్రిక రావచ్చునని చూపించిపోయాయి. గోలకొండ పత్రిక వచ్చేనాటికి చదివే చెయ్యి, రాసే చెయ్యి కొంత తయారై ఉన్నాయంటే ఈ రెండింటి చలవ కూడా ఉంది.

నగరంలో భాగ్యరెడ్డివర్మ 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక స్థాపించి, అంటరానివారన్న ముద్ర పడిన జనం కష్టసుఖాలను అచ్చెక్కించారు. అంతకు ముందు ఆ గొంతు పత్రికల్లో వినబడింది తక్కువే.

రాసినందుకు శిక్ష

ఆ రోజుల్లో రాయడమంటే తేలిక పని కాదు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఫర్మానా అందరి నోళ్లూ కట్టేసింది. గోలకొండ పత్రిక వెట్టిచాకిరీ గురించి, పల్లెల్లో జనం బాధల గురించి రాసింది. సంపాదకీయాలు ముందుగా చూపించి అనుమతి పొందాలని సర్కారు ఆంక్ష పెట్టినప్పుడు, సురవరం వారు సంపాదకీయం జాగాలో లోకంలోని మహనీయుల సూక్తులు వేశారు. చదువరికి చేరవలసింది చేరింది.

ఊళ్ల నుంచి వచ్చే ఉత్తరాలే పత్రికకు ప్రాణం. ఏ ఊళ్లో ఏ అన్యాయం జరిగిందో రాసి పంపిన ఆ పేరు తెలియని మనుషులే మా విలేకరి వృత్తికి పూర్వీకులు. వారికి లైను అకౌంటు లేదు, గుర్తింపు కార్డు లేదు. పేరు బయటపడితే గడీ నుంచి పిలుపు మాత్రం ఉండేది.

వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. దాశరథి కృష్ణమాచార్యది మన జిల్లా చిన్నగూడూరే. ఆయన నిజామాబాదు జైలులో ఉన్నప్పుడు కాగితం లేక బొగ్గుతో గోడ మీద పద్యం రాసిన సంగతి జగద్విదితం. ఆ జైలులో తోడుగా ఉన్నది ఆళ్వారుస్వామే. తర్వాత దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు. రాజులకు, జమీందార్లకు కావ్యాలు అంకితమిచ్చే ఆచారం ఉన్న గడ్డ మీద, పుస్తకాల మూట మోసిన మనిషికి ఇచ్చిన అంకితం అది.

ఇందులో తెలుగు, ఉర్దూ అన్న భేదం చూడకూడదు. ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండిస్తూ రాశాడు. 1948 ఆగస్టులో హైదరాబాదులో ఆయన్ను దారికాచి చంపారు. రాసిన చేతినే నరికారు. సర్కారు భాషలోనే సర్కారును నిలదీసిన జర్నలిస్టు ఆయన. పత్రికల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ పేరు ముందు వరసలో ఉండాలి.

సురవరం వారు 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించారు. అందులో రాజుల యుద్ధాల కంటె జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడుకున్నారు అన్నదే ఎక్కువ. దాని ఆధారాల్లో చాలా భాగం కవుల కావ్యాలే. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953లో కన్నుమూశారు. 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. చూసుకోవడానికి ఆయన లేరు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. కవుల పేర్లు నిలబెట్టిన మనిషి పేరు అలా నిలబడింది.

నోటు పుస్తకంలో నాలుగు గళ్లు

ఈ చరిత్రంతా చదువుకున్నాక, నేను మాస్టారికి రాసిచ్చిన మూడు పేర్ల కాగితం గుర్తొచ్చి సిగ్గేసింది. సురవరం వారికి ఒక రాజ్యం లెక్క తీయడం సాధ్యమైతే, నాకు ఒక మండలం లెక్క తీయడం కాదా? రెండు వందల పేజీల నోటు పుస్తకం కొన్నాను. నాలుగు గళ్లు గీశాను. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, రాసినది ఇప్పుడెక్కడుంది. వార్తలకు పోయిన ప్రతి ఊళ్లోనూ పని అయ్యాక ఇంకో అరగంట కూర్చోవడం మొదలుపెట్టాను.

మొదట్లో ‘ఇక్కడ కవులెవరూ లేరు సార్’ అన్న జవాబే వచ్చేది. తర్వాత అడిగే తీరు మార్చాను. కవి ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. ‘భజనలో మీ ఊరి పాట ఎవరు కట్టారు? యక్షగానానికి మాటలు ఎవరు రాసేవారు? పెండ్లి పద్యాలు ఎవరు రాసిచ్చేవారు?’ అని అడిగితే పేర్లు వస్తాయి. చెర్విరాల భాగయ్య యక్షగానాలు ఆడిన ఊళ్లలో, వాటిని చూసి తామూ రాసిన వారు ఉన్నారు. ఒక ఊళ్లో మంగలి దుకాణం గోడ మీద చట్రం కట్టి పెట్టిన పద్యం కనబడింది. రాసింది ఆ దుకాణదారు తండ్రి. మరో ఊళ్లో గల్ఫుకు పోయి వచ్చిన మనిషి అక్కడి బతుకు మీద పాటలు రాసి, కూతురి బడి పుస్తకం వెనక పేజీల్లో దాచుకున్నాడు.

ఒక తండాకు దగ్గరి ఊళ్లో డెబ్బై ఏళ్ల అవ్వ ఉన్నది. ఊరి బతుకమ్మ పాటల్లో సగం ఆమె కట్టినవే. అక్షరం ముక్క రాదు. ‘‘నేను కవినా? పాట గట్టిన, గంతే కొడుకా. నాట్లేసేటప్పుడు నోట్లకు అదే వొస్తది’’ అని నవ్వింది. నాలుగో గడిలో ‘రాసినది ఎక్కడుంది’ అన్న చోట ఏం రాయాలో తోచక, ‘అవ్వ నోట్లో’ అని రాసుకున్నాను. ఆ తర్వాత రెండు సాయంత్రాలు కూర్చుని ఆమె పాడుతుంటే ఫోనులో రికార్డు చేశాము. పక్కన ఆమె మనవరాలు కూర్చుని కాగితం మీద ఎత్తి రాసింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. ‘‘ఇన్ని రోజులు ఇవి అందరి పాటలనుకున్న, మా నాయనమ్మయని తెలువదు’’ అన్నది.

ఇప్పటికి పదకొండు ఊళ్లు తిరిగాను. నోటు పుస్తకంలో పేర్లు ముప్పై దాటాయి. ఇంకా ఐదు ఊళ్లు మిగిలి ఉన్నాయి. వీరిలో పోయినవారే ఎక్కువ. చాలా మందికి నాలుగో గడి ఖాళీగానే ఉంది. చెదలు తిన్నవి, వానకు నానినవి, తూకానికి పోయినవి. ఒకరి శతకమైతే, ఆయన పోయినప్పుడు పాడె మీద పెట్టి కట్టెల్లోనే వేశారట. ‘ఆయన సొమ్ము ఆయనతోనే పోవాల్నని’ అట్లా చేశామని ఇంటివారు చెప్పారు. ప్రేమతో చేసిన పనే. అయినా పోయింది పోయింది.

చేయవలసిందేమిటి?

ఇదేమీ లక్షల రూపాయల పని కాదు. ప్రతి ఇంట్లో అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో, దేవుడి గూట్లో వెదికి చూడాలి. చేతిరాత పుస్తకం దొరికితే తూకానికి వేయకుండా ముందు ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీయాలి. మొదటి పేజీ మీద రాసినవారి పేరు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాసి పెట్టాలి. తాళపత్రాలు దొరికితే నూనెలు గీనెలు రాసి పాడుచేయకుండా, పొడి బట్టలో చుట్టి తెలిసినవారికి చూపించాలి. పాట కట్టేవారు బతికి ఉంటే ఈ బతుకమ్మకే కూర్చోబెట్టి పాడించుకోవాలి. వచ్చే ఏటికి అని వాయిదా వేయకూడదు. నేను మూడుసార్లు వాయిదా వేసిన ఫలితం పైన చెప్పుకున్నాను.

శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాలు ఎన్ని ఉన్నా మంచిదే. వాటి పక్కన ఒక చిన్న బీరువాలో ఆ మండలపు కవుల కాగితాలకు చోటివ్వాలని జిల్లా గ్రంథాలయ సంస్థ వారిని సాహిత్యాభిమానులు కోరుతున్నారు. బడుల్లో తెలుగు మాస్టర్లు తలచుకుంటే పదో తరగతి పిల్లలే తమ ఊరి లెక్క తీయగలరు. నన్ను జాబితా అడిగిన మాస్టారు ఈ ఏడు ఆ పని పిల్లలకు అప్పగించారు. మొదటి వారంలోనే ఇద్దరు పిల్లలు నాకు తెలియని మూడు పేర్లు తెచ్చారు.

ఒక గులాబీ కాగితం

చివరగా ఆ పెద్దాయన సంగతి. ఆయన నోటు పుస్తకాలు ఇక దొరకవు. పాత సామాన్లు కొనే మనిషిని కూడా పట్టుకుని అడిగాను. మాలు ఏనాడో పట్నం పోయిందన్నాడు. అయితే మొన్న ఎండాకాలంలో ఒక ఊరికి బోరుబావి వార్తకు పోయినప్పుడు, ఒక ఇంటి దండెం పక్కన గోడకు చట్రం వేలాడుతూ కనబడింది. రంగు వెలిసిన గులాబీ కాగితం. 1978లో జరిగిన పెండ్లికి రాసిన పంచరత్నాలు. ఐదు పద్యాలు, అడుగున రాసినవారి పేరు, ఊరు. ఆయనదే.

చట్రం దించి, తుడిచి, ఫొటో తీసి ఆయన కొడుక్కు చూపించాను. అతను చదవలేడు. మనవడు చదివి వినిపించాడు. అడుగున పేరు దగ్గరికి వచ్చేసరికి కొడుకు ‘‘ఇంకోసారి చదువురా’’ అన్నాడు. ఈ వ్యాసంలో పేరు వేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. ‘‘ఉత్త పేరు వద్దు సార్. ఏస్తే పద్యంతోటి కలిపి ఎయ్యుండ్రి. మా నాయన అడిగింది అదే’’ అన్నాడు.

న్యాయమైన మాట. ఐదు పద్యాలూ, పేరూ కలిపి డెస్కుకు పంపాను. స్థలం ఉంటే వేస్తామన్నారు. ఈసారి మరచిపోకుండా ప్రతి సోమవారం అడుగుతున్నాను.